కళ్లార్పు మామా

నవంబరు పొద్దు. మీరు కోసిగి స్టేషన్లో దిగి ఊళ్లోకి నడుస్తున్నారు. కొండమీది గుండ్లు అప్పుడే ఎండకు మెరుస్తున్నాయి. రోడ్డు వారన మూటలు, గిన్నెలు, చంటిబిడ్డలతో జనం బండి కోసం కూర్చున్నారు. సుగ్గికి, అంటే కూలి వలసకు పోతున్నారు, గుంటూరు వైపు. వాళ్లను దాటుకుని నెట్ సెంటర్లోకి అడుగు పెడతారు. ఉగ్గాని వాసన, ప్రింటరు రొద.

కుర్చీలో ఉన్నాయన్ను ఊరు ఊరంతా మిలట్రీ అనే పిలుస్తుంది. ఏడాదికోసారి బతికే ఉన్నానని చూపించుకోవాలి, లేకుంటే పింఛను నిలిచిపోతుంది. కుర్రాడు ఆయన బొటనవేలు మిషను మీద ఒత్తుతాడు. పడదు. చూపుడువేలూ అంతే. దసరా నుంచి పత్తి తీస్తున్న వేళ్లాయె!

“యాడ పోయినాయి మామా నీ గీతలు?”

ఆయన పలకడు. కుర్రాడు అడిగింది ఎడమ పక్క నుంచి. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్‌లో బోఫోర్స్ ఫిరంగి దగ్గర గన్నరు ఈయన. ఆ చెవి ఆ ఫిరంగి మోతకే పోయింది. వైకల్యం 20 శాతమన్నా తేలితేనే దానికి వేరే పింఛను. సర్వీసు నుంచి దిగేటప్పుడు డాక్టర్లడిగితే “బాగుంది సార్” అనేశాడట, ఇంటికి పోయే తొందరలో. ఆ తొందరను తప్పుపట్టలేం. దిగేనాటికి 40 కూడా నిండలేదు. ఆ వయసుకు ఆఫీసు గుమస్తా ప్రమోషన్ లెక్కలేసుకుంటుంటాడు. ఈయన ఆదోనిలో ఒక బ్యాంకు గేటు దగ్గర మళ్లీ తుపాకీ పట్టాడు. తర్వాత కౌలుకు పత్తి.

కుర్రాడు ఫోను ఎత్తి పడతాడు. 2021 నుంచి ముఖం చూపినా చాలు. “కళ్లార్పు మామా.” ఈసారి కుడి పక్క నుంచి, గట్టిగా. ఆయన రెప్ప వేస్తాడు. అయిపోయింది.

గడప దగ్గర ముసలామె లేస్తుంది. మొగుడు 1971 యుద్ధం చూసినవాడు, ఇప్పుడు లేడు. సంచిలోంచి డిశ్చార్జి బుక్కు, ఆధారు, పట్టా కాగితం తీస్తుంది. మాజీ సైనికులకు సర్కారు ఇచ్చే మెట్ట, 5 ఎకరాల లోపు. పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చు, కానీ రాళ్లగుట్టను కొనేదెవరు?

మిలట్రీ కళ్లజోడు పెట్టుకుని బుక్కూ ఆధారూ పక్కపక్కన పరుస్తాడు.

“బుక్కులో నీ పేరొకటి, ఆధార్లో ఇంకోటి అవ్వా. కర్నూలు సైనిక సంక్షేమం ఆఫీసుకు పోవాల. సోమారం పోదాం.”

“చార్జీలు యాడివి నాయనా?”

“కుడిపక్క చెప్పు అవ్వా.”

ఆమె ఇటు తిరిగి మళ్లీ అడుగుతుంది.

“నేను బతికుండానని ఇప్పుడేగా రాసుకున్యారు. నాకు పడతాయిలే.”