అకారాది క్రమము - యంత్రముల వాడుక

'కల', 'కవి', 'కళ' - ఈ మూడు మాటలను వర్ణమాల ననుసరించి వ్రాయుమన్నచో పలకమీద అక్షరములు దిద్దిన బాలుడైనను ఈ వరుసనే వ్రాయును. ళకారము హకారమునకు తరువాతిది గదా! వీనినే కంప్యూటరున కిచ్చి, సంకేతసంఖ్యలనుబట్టి పేర్చుమన్నచో కల, కళ, కవి యని పేర్చును. అది యంత్రము తప్పు గాదు.

యంత్రమునకు అక్షరము తెలియదు, అంకె తెలియును. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణము ఇంగ్లీషున పెద్దబడి అక్షరములకే సంఖ్యల నిచ్చెను. చిన్నబడి అక్షరములు 1967 నాటి సవరణలో చేరినవి. అందుచే పెద్ద 'జెడ్' సంఖ్య 90, చిన్న 'ఏ' సంఖ్య 97. 1969లో బెల్ ప్రయోగశాలలో మొదలైన యూనిక్స్ వ్యవస్థయందు 'ఎల్‌ఎస్' అని టైపు చేసినచో ఫైళ్ల పేర్లు కనబడును. 'సార్ట్' అన్నచో పంక్తులు వరుసపడును. ఈ రెండాజ్ఞలును సంఖ్యాక్రమమునే పాటించెడివి. కనుకనే అందరును ముందు చూడవలసిన 'రీడ్‌మీ', 'మేక్‌ఫైల్' వంటి ఫైళ్లకు పెద్ద అక్షరముతో పేరు పెట్టు ఆచార మేర్పడినది. అవి జాబితా తలభాగమున నిలుచును.

అయితే చుక్కలు పెట్టిన 'ఏ', 'ఓ' లను స్వీడనువారు 'జెడ్' తరువాత నుంచుదురు. జర్మను నిఘంటువులు మామూలు 'ఏ', 'ఓ' ల సరసనే కూర్చుండబెట్టును. ఒకే గుర్తునకు రెండు తావులు! 1989 నాటి సీ భాషా ప్రమాణము ఇందులకై 'లొకేల్' అను ఏర్పాటును తెచ్చినది. ఏ భాషవారి ఆచారమో ముందుగా చెప్పినచో యంత్రము ఆ వరుసనే పాటించును. 1992లో పోసిక్స్ ప్రమాణము దీనిని ఆజ్ఞలకును వర్తింపజేసినది. ఇంగ్లీషు లొకేల్ పెట్టుకొన్న లినక్స్ యంత్రములలో పాపము 'రీడ్‌మీ' తలభాగము విడిచి 'ఆర్' పేర్ల నడుమకు దిగిపోయినది.

1991లో వచ్చిన యూనికోడ్ తెలుగునకు 128 తావుల నిచ్చినది. భారతీయ ప్రమాణమగు ఇస్కీ ననుసరించి మన లిపులకెల్ల ఒకే చట్రము గీచిరి. అందు ర పక్కన ఱ, ల పక్కన ళ. దీర్ఘమగు ౠకారము హల్లులకును గుణింతపు గుర్తులకును ఆవల పడినది. ఒక లిపినుండి మరియొక లిపికి మార్చుటకు ఇది ఎంతయు సుకరము. నా మట్టుకు ఆ బేరము సమంజసమే. వరుసను వేరుగా నేర్పుకొనవచ్చును.

వరుస తారుమారైనచో కలుగు నష్ట మల్పము గాదు. నిఘంటువులో మాట వెదకునపుడు నడిమి పుట తెరచి, కావలసినది ముందో వెనుకో నిర్ణయించుకొని, సగము పుస్తకమును విడిచిపెట్టుదుము. డేటాబేసుల సూచికలును ఇట్లే పనిచేయును. 2018 ఆగస్టులో, లినక్స్‌నకు ఆధారమగు జీలిబ్‌సీ గ్రంథాలయపు 2.28వ కూర్పు క్రొత్త అంతర్జాతీయ క్రమమును స్వీకరించి తన పట్టికలను మార్చుకొన్నది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులలో పాత వరుసను కట్టిన సూచికలను యంత్రము క్రొత్త వరుసను వెదకసాగెను. విడిచిన సగములోనే పేరున్నది, యంత్రము లేదనును. లేదనుకొని అదే పేరును రెండవమారు చేర్చుకొనుటయు గలదు. సూచికలను మరల కట్టుకొన్నగాని చక్కబడలేదు.

నేటికిని జాగ్రత్తగల ప్రోగ్రామరు రెండు జాబితాలను పోల్చుటకు ముందు, ఆజ్ఞకు తలకట్టుగా 'ఎల్‌సీ ఆల్' విలువ 'సీ' యని వ్రాసి, రెంటిని ఆ పాత సంఖ్యాక్రమముననే పేర్చును.