హజ్ యాత్రయు ఆరోగ్యరక్షణమును

హైదరాబాదునుండి మచిలీపట్టణమునకు పోవు పెద్దబాట జగ్గయ్యపేట చెంతగను, నందిగామ మీదుగను సాగుచున్నది. గోలకొండ సుల్తానుల కాలమున మక్కాకు పోవు ముసల్మానులు ఈ దిక్కుననే తూర్పునకు నడచి, మచిలీపట్టణమున ఓడ నెక్కి ఎఱ్ఱసముద్రమునకు పోవుచుండిరి. తరువాత బొంబాయి ముఖ్యమైన రేవయ్యెను. 1995తో హజ్ ఓడలును నిలిచిపోయెను. 2023లో గన్నవరమునుండియే యాత్రికులు విమానములపై బయలుదేరిరి. నెలల ప్రయాణము గంటల ప్రయాణమయ్యెను. అయినను సులభమైన యాత్ర క్షేమమైన యాత్ర యగునా? ఈ ప్రశ్నకు చరిత్రమే సమాధానము చెప్పవలెను.

మక్కాలో కలరా మొదట 1831లో విజృంభించెను. 1865లో వచ్చిన ఉపద్రవమున సుమారు 15,000 మంది యాత్రికులు మరణించిరని అంచనా. తెరచాపల ఓడలలో వ్యాధి తఱుచుగా నడిసముద్రముననే అణగిపోయెడిది. పొగయోడలు, రైళ్లు వచ్చిన పిదప అది మనుష్యునితోపాటు శీఘ్రముగా దేశములు దాటెను. మక్కానుండి ఈజిప్టునకును, అచటినుండి ఐరోపాకును ప్రాకెను. భయపడిన రాజ్యములు 1866లో కాన్‌స్టాంటినోపులున సభచేసి యాత్రికుల రాకపోకలను కట్టుదిట్టము చేయదలచెను. ఎఱ్ఱసముద్రమునందలి కమరాన్ ద్వీపమున 1882లో తురుష్క ప్రభుత్వము నిర్బంధ పరీక్షాస్థానమును నెలకొల్పెను. హిందూదేశమునుండి పోవు ఓడలు అచట ఆగి తీరవలెను.

ఇచట చదువరు లొక్క విషయము గమనింపవలెను. ఈ యేర్పాటులు ప్రధానముగా ఎవరిని కాపాడుటకు పుట్టినవి? యాత్రికుని గాదు, యాత్రికునినుండి ఐరోపాను. అతడు రోగిగా గాక రోగమునకు వాహనముగా నెంచబడెను. అతనిని దినములతరబడి నిలిపియుంచి, ఆ నిర్బంధమునకు రుసుమును అతనియొద్దనే రాబట్టిరి. కిక్కిఱిసిన ఓడలను నిగ్రహించుటకును, వైద్యుని నియమించుటకును 1895లో యాత్రికుల ఓడల చట్టము వచ్చినను, 1897లో బొంబాయి ప్లేగు కారణముగా యాత్రయే నిషేధింపబడెను. దండింపబడుదునను భయముగలవాడు వ్యాధిని దాచును. దాచిన వ్యాధి పదిమందికి సోకును. ఇది ఒక్క మతమువారి కథ గాదు. 1867లో హరిద్వారపు కుంభమేళానుండియు కలరా ఉత్తరదేశమున వ్యాపించెను. క్రిమికి మతభేదము లేదు.

మేలు ఎట్లు కలిగెను? కలరా క్రిమిని కాక్ పండితుడు 1883-84లలో ఈజిప్టునను, కలకత్తాలోను పరిశోధించి నిరూపించెను. శుభ్రమైన నీరు, టీకాలు, తగిన వైద్యము అమలులోనికి వచ్చిన కొలది నిర్బంధముల యవసరము తగ్గెను. కమరాన్ స్థానము 1952లో మూతబడెను. 1957లో సౌదీ ప్రభుత్వము జిద్దాలో ఆరోగ్యపరీక్షల బాధ్యతను తానే పూర్తిగా వహించెను. 1987లో యాత్రికులలో మెదడుపొరల వాపుజ్వరము వ్యాపింపగా టీకా తప్పనిసరి యయ్యెను. 2000లో వేఱొక జాతి క్రిమి ప్రబలగా, నాలుగు జాతులను నివారించు టీకా నిర్బంధమయ్యెను. నిర్బంధస్థానము రోగము వచ్చిన పిదప మనుష్యుని ఆపును. టీకా మనుష్యుని పోనిచ్చి రోగమును ఆపును. ఈ భేదమే నూఱేండ్ల చరిత్రసారము.

అయితే ఆపద రూపము మార్చుకొన్నది. 1990లో మినా సొరంగమున త్రొక్కిడిలో 1,426 మంది చనిపోయిరి. 2024 జూనులో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరెను. 1,300 మందికి పైగా మరణించిరి. వారిలో నూటికి ఎనుబదిముగ్గురు అనుమతిపత్రములు లేక పోయినవారని సౌదీ ప్రభుత్వము తెలిపెను. వారికి చల్లని గుడారములు లేవు, వాహనములు లేవు. ఎండలో దూరము నడచిరి. ఏర్పాటులకు వెలుపల నుండువాడే మొదట కూలునని పాతకథ మఱల ఋజువయ్యెను.

మన మెట్టసీమవారు ఎండ మాకు క్రొత్తగాదందురు. నిజమే. కాని నందిగామ రైతు మిట్టమధ్యాహ్నము చెట్టునీడకు చేరును; అరఫాత్ మైదానమున లక్షల జనుల నడుమ నున్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. పైగా పెక్కుమంది జీవితమంతయు కూడబెట్టి వార్ధక్యమున బయలుదేరుదురు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు వారి వెంట నడచును. చాంద్రసంవత్సరము సుమారు 11 దినములు తక్కువ గనుక హజ్ వేసవిని వీడి శీతకాలమునకు జరుగును. కాని మఱల వేసవికి రాక మానదు.

కావున వైద్యము మక్కాలో గాక జగ్గయ్యపేటలోనే ఆరంభము కావలెను. నెలల ముందే పరీక్షలు చేయించుకొని, దినదినము నడక యలవరచుకొని, టీకాలు వేయించుకొని, మందులను వైద్యుని చీటితోసహా మూట గట్టుకొనవలెను. దప్పికకు ముందే నీరు త్రాగవలెనని, తల తిరిగిన వెంటనే నీడకు చేరి తోడివారికి తెలుపవలెనని ఇంటిలోనే నేర్వవలెను. దళారిని నమ్మి అనుమతి లేకుండ పోరాదు. ఇది విశ్వాసలోపము గాదు. శక్తి గలవానికే హజ్ విధియని ఇస్లాము చెప్పుచున్నది. ఆ శక్తిలో దేహారోగ్యమును చేరును. మారి వ్యాపించిన యూరికి పోరాదనియు, అందున్నవారు విడిచి రారాదనియు ప్రవక్త బోధించినట్లు ముసల్మానుల పరంపర. ఈ మాటను వైద్యశాలలో వైద్యుడును, మసీదులో ఇమామును ఏకకంఠముగా చెప్పిననాడు ఎన్నియో ప్రాణములు నిలుచును. యాత్రికుని అనుమానించిన కాలము గడచినది. అతనిని ఆదరించు విద్యను ఊరూర నేర్చుటయే మిగిలినది.