విల్లు ఖాళీ చేయని అడవి

ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపు రైలు కదిలిన కొద్దిసేపటికే నేల ఎర్రబడుతుంది. కలైకుండా దాటితే పట్టాలకు అటూ ఇటూ సాల చెట్లు మొదలై ఝార్‌గ్రామ్, గిధ్‌ని దాకా వెంట వస్తాయి. జంగల్‌మహల్ అని పేరుపడ్డ సీమ ఇది. ఆ పేరుతో ఈస్టిండియా కంపెనీ 1805లో ఒక జిల్లానే ఏర్పాటు చేసి, 1833లో రద్దు చేసింది. ఈ అడవుల్లో ఇప్పుడు దల్మా కొండల నుంచి దిగివచ్చే ఏనుగులున్నాయి, అడవి పందులున్నాయి. చుక్కల దుప్పిని చూడాలంటే మాత్రం ఝార్‌గ్రామ్ జూకి పోవాలి. దుప్పి ఎలా పోయిందని అడిగితే పట్నంలో తడుముకోకుండా వచ్చే జవాబు ఆదివాసుల వేట పండుగ. ఏటా చైత్ర, వైశాఖాల్లో సంతాల్ గూడేల నుంచి వందల మంది విల్లంబులు, బరిసెలు పట్టుకుని అడవిలోకి వెళ్తారు కాబట్టి ఆ నింద సులువుగా అతుక్కుంటుంది. అది తప్పని నా వాదన. విల్లు పనిచేసే తీరు, తుపాకీ పనిచేసే తీరు, వాటి దెబ్బ తిన్న దుప్పి చేసే పని, ఈ మూడూ కలిపి చూస్తే ఈ అడవిని ఖాళీ చేసింది వెదురు విల్లు కాదని తేలుతుంది.

ముందు బాణం సంగతి. సంతాల్ విల్లు వెదురుది, నారి కూడా తరచు వెదురు బద్దదే. అలాంటి విల్లు నుంచి అంబు సెకనుకు సుమారు 45 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. పాతిక మీటర్ల దూరంలోని దుప్పిని చేరడానికి దానికి అర సెకను పైన పడుతుంది. నారి వదిలిన చప్పుడు సెకనుకు 340 మీటర్ల వేగంతో పోతుంది కనుక సెకనులో పద్నాలుగో వంతులోనే దుప్పి చెవిన పడుతుంది. అంటే బాణం కంటే దాదాపు అర సెకను ముందే జంతువుకు కబురు అందిందన్నమాట. ఉలిక్కిపడిన దుప్పి నేరుగా ముందుకు ఉరకదు. ఉరకడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది, ఆ దించుడులోనే గుండెకు గురిపెట్టిన అంబు వీపు మీదుగా దూసుకుపోతుంది. అందుకే విల్లు వేటగాడు గాలి వాలు చూసుకుంటూ ఇరవై, ముప్పై మీటర్ల లోపుకి చేరాలి, జంతువు తల దించి మేస్తున్న క్షణం కోసం కాచుకోవాలి.

తగిలిన తర్వాతి కథ ఇంకా పొడుగు. బాణం చంపేది నెత్తురు కార్చి. ఊపిరితిత్తుల్లో దిగితే దుప్పి ఒక్క గెంతు గెంతి, వంద మీటర్ల లోపే కూలుతుంది. ఏం జరిగిందో తెలియక నాలుగడుగులు వేసి, నిలబడి వెనక్కి తిరిగి చూసి, తర్వాత ఒరిగిపోవడమూ ఉంది. పెద్ద చప్పుడు లేకపోవడంతో మంద కూడా ఒక్కోసారి చెదరదు. పొట్టలో దిగిందా, దుప్పి నడుము వంచి మెల్లగా నడిచి పొదలో పడుకుంటుంది, చావు గంటల తరబడి సాగుతుంది. అప్పుడు వేటగాడు తొందరపడి వెంటపడితే అది లేచి మైళ్ల దూరం పోతుంది. అందుకే ఆగాలి, ఆగి నెత్తురు చదవాలి. నురుగుతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తి, ముదురుగా ఉంటే కాలేయం, పచ్చటి మడ్డి కలిస్తే పొట్ట. ఎండుటాకుల మీద చుక్క చుక్కగా పడిన ఆ జాడ పట్టడానికి ఒక మనిషి చాలడు. నలుగురు కావాలి, కుక్కలు కావాలి, సగం పగలు కావాలి.

రైఫిల్ ఈ లెక్కనంతా తలకిందులు చేసింది. పాత సైనిక .303 రైఫిల్ తూటా సెకనుకు 740 మీటర్ల చొప్పున గొట్టం దాటుతుంది, వంద మీటర్లలోని దుప్పిని సెకనులో ఏడో వంతులో చేరుతుంది. పేలుడు శబ్దం దాని వెనక వస్తుంది. వినడానికి ముందే దెబ్బ తిన్న జంతువు ఒళ్లు దించుకునే ప్రశ్నే లేదు. తూటా వెడల్పాటి కండను నుజ్జు చేస్తుంది, ఎముకను విరుస్తుంది. మెడలోనో వెన్నులోనో తగిలితే దుప్పి నిలుచున్న చోటే కూలుతుంది. గుండెలో తగిలినది వెనక కాళ్లు ఝాడించి ఎగిరి, తల నేల బారున పెట్టి ఉరికి పడిపోతుంది. దానికి వెతుకులాట పెద్దగా అక్కర్లేదు. మంచె మీద కూర్చున్న ఒక్క మనిషి వంద, నూట యాభై మీటర్ల నుంచి ఒక సాయంత్రంలో రెండు, మూడు దుప్పులు పడగొట్టగలడు. పక్కవాడి సాయం అవసరం లేని వేట అది.

ఆ ఒక్క మనిషి ఎవరన్నది ఖరగ్‌పూర్ చరిత్రలో స్పష్టంగానే కనిపిస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను 1898 ప్రాంతంలో ఇక్కడికి చేరింది. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరుచుకుని హౌరాతో కలిసింది. 1904లో వర్క్‌షాప్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇదే కంపెనీ లైను పట్టుకుని వచ్చిన మన వాళ్లు వర్క్‌షాపుల్లో, గ్యాంగుల్లో చేరి నిమ్‌పురా, మథురాకాఠీ, మలంచాలలో స్థిరపడ్డారు. వాళ్ల చేతికి తుపాకీ రాలేదు. 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మాత్రం 1920 ప్రాంతం దాకా మినహాయింపు ఉండేది. విల్లంబుల్ని కూడా ఆ చట్టం ఆయుధాల్లోనే లెక్కగట్టింది. దానికితోడు రైల్వేకి సొంత వాలంటీర్ రైఫిల్ దళం ఉండేది. 1920 తర్వాత అదే ఆగ్జిలరీ ఫోర్స్‌లో బెటాలియన్ అయింది. రైల్వే ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులకు అందులో చేరి గురి నేర్చుకోవడం కొలువులో భాగం. సెలవు రోజున షికారు రైల్వే కాలనీ జీవితంలో భాగమే. గురి తెలిసిన చేయి, మినహాయింపు ఉన్న తుపాకీ, అడవి అంచు దాకా దించే రైలు, ఈ మూడూ ఒకే కాలంలో ఒకే చోట కలిశాయి. 1912లో వన్యప్రాణుల చట్టం తెచ్చి దుప్పులకు వేట నిషిద్ధ కాలం పెట్టాల్సి వచ్చిందంటే, ఆపాటికే దేశమంతటా జరుగుతున్న నష్టాన్ని సర్కారే ఒప్పుకున్నట్టు.

విల్లు వేటకు ఇలాంటి చట్టం ఎవరూ పైనుంచి రాయనక్కర్లేకపోయింది, వేట స్వభావమే దాన్ని పుట్టించింది. దెబ్బ తిన్న దుప్పి పరుగెత్తుతుంది, దారిలో ఇంకొకడి బాణం తగులుతుంది, మూడో ఊరివాళ్ల కుక్కలు దాన్ని పడగొడతాయి. మరి అది ఎవరిది? ఈ తగువు తీర్చుకోకపోతే ఊళ్లు కలిసి వేటాడలేవు. అందుకే సంతాల్ వేటలో దిహ్రి అనే పెద్ద ఉంటాడు. సాల కొమ్మను ఊరూరా, సంతసంతకూ తిప్పి వేట రోజును చాటుతారు. దిహ్రి అడవి దేవతలకు పూజ చేసి వేట నడిపిస్తాడు. మొదటి దెబ్బ ఎవరిదో తేల్చి వాటాలు పంచుతారు. ఆ రాత్రి అడవిలోనే కూర్చునే సభ సంతాల్ సమాజంలో అన్నిటికన్నా పెద్ద న్యాయస్థానం. ఊరి పెద్ద మీదా, పరగణా పెద్ద మీదా కూడా సామాన్యుడు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. మన విశాఖ ఏజెన్సీలో ఇటుకల పండుగకు మగవాళ్లంతా కలిసి వేటకు పోయి, ఉట్టిచేతులతో వస్తే ఆడవాళ్ల చేత పేడనీళ్లు చల్లించుకోవడం కూడా ఈ కోవలోదే. ఉట్టిచేతులతో రావడం ఎంత మామూలో ఆ ఆచారమే చెబుతోంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒక్కడి విల్లుకు దుప్పి దొరకకపోవచ్చు, వందల మంది వలయంగా నిలిచి అడవిని తోలితే తప్పించుకోగలదా? తప్పించుకోలేనివి ఉంటాయి, నిజమే. కానీ తోలుడు వేట ఏడాదికి కొన్ని రోజులు, ఎండాకాలంలో, ఒక్కో అడవిలో ఒకసారి. పరుగులో ఉన్న దుప్పికి బాణం తగిలించడం నిలబడి ఉన్నదానికి తగిలించడం కంటే ఎన్నో రెట్లు కష్టం. మిగతా ఏడాదంతా మంద ఈని పెంచుకునే వ్యవధి ఉంటుంది. విషం పూసిన బాణం మాటేమిటంటారు. వసనాభి పూసిన బాణాలు ఈశాన్య కొండల్లో ప్రసిద్ధం. అయితే విషం ఎక్కే దాకా జంతువు పరుగెత్తుతూనే ఉంటుంది, జాడ పట్టే పని తప్పదు. ఆధునిక పుల్లీల విల్లు ఉన్న అమెరికాలోనే చాలా రాష్ట్రాలు విల్లు వేటకు రైఫిల్ వేటకన్నా ఎక్కువ రోజులిస్తున్నాయి. బాణానికి పడేవి తక్కువని అక్కడి వేట శాఖలకు తెలుసు.

కరుణ మాటకొస్తే నేను తుపాకీ పక్షాన ఒక మెట్టు దిగక తప్పదు. సరైన చోట తగిలిన తూటా బాణం కంటే త్వరగా ప్రాణం తీస్తుంది. బ్రిటన్ 1981 చట్టంతో అడవి జంతువుల మీద విల్లు వాడకాన్ని నిషేధించింది కూడా జంతువు బాధను తలచే. పొట్టలో అంబుతో రాత్రంతా పొదలో పడివున్న దుప్పి బాధను ఏ ఆచారమూ కడిగివేయలేదు. కానీ ఒక జంతువు ఎంత బాధపడిందన్నది ఒక ప్రశ్న, ఒక జాతి ఎలా అంతరించిందన్నది మరో ప్రశ్న. త్వరగా చంపగలగడమే రైఫిల్‌ను మందల పాలిట ప్రమాదంగా మార్చింది. దూరం ఆశ పుట్టిస్తుంది, ఆశకొద్దీ కాల్చిన తూటా కాలో దవడో విరిచిన దుప్పులు లెక్కకు రాకుండానే పోతాయి.

తుపాకీ ఒక్కటే దోషి అని కూడా నేననను. పట్టాలు పడ్డాక జంగల్‌మహల్ కలప విలువ ఒక్కసారిగా పెరిగింది. స్లీపర్లకూ గనుల దూలాలకూ వంటచెరకుకూ సాల వనాలు నరికారు. జమీందార్లూ మిడ్నాపూర్ జమీందారీ కంపెనీ వాళ్లూ అడవి మీద ఊళ్ల హక్కుల్ని బిగించారు, 1920ల మొదట్లో సంతాల్‌లు చెరువుల మీదా అడవుల మీదా పడి తమ హక్కు అడిగింది అందుకే. రెండు ప్రపంచ యుద్ధాలూ కలపను ఇంకా మింగాయి. స్వాతంత్ర్యం తర్వాత పంట రక్షణ పేరుతో ధారాళంగా ఇచ్చిన తుపాకులు, రాత్రిపూట జీపు దీపాల వెలుగులో చేసిన వేట దేశమంతటా దుప్పుల్ని ఎలా తుడిచిపెట్టాయో 1964లో వచ్చిన పుస్తకంలో ప్రకృతి పరిశీలకుడు ఇ.పి. గీ రాశాడు. దీపం పడితే దుప్పి కళ్లు మెరుస్తాయి, అది కదలక నిలబడిపోతుంది. అంతకన్నా సులువైన గురి లేదు. చాటు తగ్గిన అడవిలో దూరం కొట్టే ఆయుధం. ఆ రెండూ కలిసిన చోట మంద మిగలలేదు. విల్లు అంతకుముందు తరతరాలుగా అక్కడే ఉంది, దుప్పీ ఉంది.

అయితే ఈ వాదనతో నేటి వేటను సమర్థించడం కుదరదు. 2018 ఏప్రిల్ 13న లాల్‌గఢ్ దగ్గర బాఘ్‌ఘోరా అడవిలో వేట పండుగ రోజుల్లోనే ఒక పెద్దపులి బరిసె పోట్లకు చచ్చింది. అంతకు నెల ముందు అది కెమెరాకు చిక్కినప్పుడు జంగల్‌మహల్ అంతా ఆశ్చర్యపోయింది. తక్కువ దూరానికి పరిమితమైన ఆయుధం మందను కాపాడేది మంద ఉన్నప్పుడే. కుందేలూ ఉడుమూ అడవిపిల్లీ మాత్రమే మిగిలిన చోట వందల విల్లులు దిగితే బాణం బలహీనత ఎవరినీ కాపాడదు. పైగా ఇప్పుడు వేట గుంపులు లోకల్ రైలెక్కి పాన్‌స్‌కుడా, హౌరా వైపు దాకా వెళ్తున్నాయి, తన ఊరి అడవిని తానే తోలుకునే పాత కట్టు అక్కడ వర్తించదు. 1972 చట్టం వేటను నిషేధించింది, కలకత్తా హైకోర్టు ఈ పండుగ వేటను ఆపమని అధికారుల్ని ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కావాలి. దాంతోపాటు దిహ్రి పిలుపు, సాల కొమ్మ, రాత్రి సభ బతకడానికి చోటు కూడా ఉండాలి. సభకు పెద్దరికం ఇచ్చింది వాటాల న్యాయం కాబట్టి, జంతువు పడకపోయినా ఆ సభ కూర్చోగలదు. అటవీ శాఖ ఊరి పెద్దలతో మాట్లాడేటప్పుడు, అడవిని ఖాళీ చేసింది మీ తాతలే అన్న మాటతో మొదలుపెట్టకుండా ఉంటే, ఆ సంభాషణ సాగే అవకాశం ఎక్కువ.