ఖతార్ ప్రపంచకప్: చల్లదనం ఎవరికి, ఎండ ఎవరికి?

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ పాత జిల్లా విస్తీర్ణం 11,391 చదరపు కిలోమీటర్లు. ఖతార్ దేశం మొత్తం కలిపినా ఇంచుమించు అంతే. మనకు కృష్ణా నది ఉంది, కాలువలు ఉన్నాయి. అక్కడ ఒక్క నది కూడా లేదు. ఉన్న 30 లక్షల మంది జనంలో ఆ దేశ పౌరులు పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతావాళ్లలో అత్యధికులు పని కోసం వచ్చినవాళ్లు. వారిలో భారతీయులదే పెద్ద సంఖ్య.

అంత చిన్న ఎడారి దేశానికి 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను 2010 డిసెంబర్ 2న ఫిఫా అప్పగించింది. 32 జట్లు, 64 మ్యాచ్‌లు, 8 స్టేడియాలు. ఖలీఫా స్టేడియం ఒక్కటే పాతది, దాన్ని బాగుచేశారు. మిగతా ఏడూ కొత్తగా కట్టినవే. 2022 నవంబర్ 20న మొదలైన పోటీలు డిసెంబర్ 18న అర్జెంటీనా గెలుపుతో ముగిశాయి.

అయిపోయిన టోర్నీ గురించి ఇప్పుడెందుకు? 2034 ప్రపంచకప్‌ను సౌదీ అరేబియాకు ఇస్తున్నట్టు 2024 డిసెంబర్ 11న ఫిఫా ప్రకటించింది. ఈసారి 48 జట్లు, 15 స్టేడియాలు. వాటిలో ఎక్కువ భాగం ఇంకా కట్టాల్సినవే. ఆ పనులకు మనుషులు కావాలి. ఏజెంట్లు మళ్లీ ఊళ్ల వైపు చూస్తారు. అందుకే ఖతార్‌లో ఏ చిక్కు వచ్చింది, దాన్ని ఎలా తీర్చారు, ఎవరి చిక్కు మిగిలిపోయింది అన్నది కార్యకర్తలకూ విద్యార్థులకూ ఒకచోట ఉండాలని మేం ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా

పాత గుంటూరు జిల్లాలో రెండు రకాల వేసవి ఉంది. రెంటచింతల వైపు పొడి ఎండ మాడ్చేస్తుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు థర్మామీటర్ అంత చూపించదు కానీ ఉక్కపోత ఊపిరాడనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. అప్పుడు ఒంట్లో వేడి పెరుగుతూ పోతుంది. ఖతార్‌కు మూడు వైపులా సముద్రం. ఎడారి ఎండ, సముద్రపు ఉక్క రెండూ అక్కడ ఒకేసారి ఉంటాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం.

అందుకే ఇలాంటి చోట్ల మామూలు థర్మామీటర్ అంకె సరిపోదు. గాలి వేడి, తేమ, నేరుగా పడే ఎండ, గాలి వీచే వేగం నాలుగూ కలిపి లెక్కగట్టే సూచిక ఉంది. దాని పేరు వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్. ఇందులో 32 అంటే మనం రోజూ వినే 32 డిగ్రీలు కాదు. శ్రమ చేసే మనిషికి అది ప్రమాదపు గీత.

ఈ అంకె దగ్గర ఒక పోలిక చూడాలి. సూచిక 32 దాటితే మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లు నీళ్లు తాగడానికి, సేదతీరడానికి విరామం ఇవ్వాలనే నిబంధనను ఫిఫా 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లోనే అమలు చేసింది. 2015లో ఖతార్ టోర్నీని జూన్-జూలై నుంచి నవంబర్-డిసెంబర్‌కు మార్చింది. యూరప్ లీగుల క్యాలెండర్లన్నీ అందుకోసం సర్దుకున్నాయి. ఆటగాళ్లకూ ప్రేక్షకులకూ ఎండ సమస్య చాలావరకు అక్కడితో తీరింది.

స్టేడియం కట్టే కూలీ సంగతి వేరు. 29 రోజుల ఆట చలికాలానికి జరిగింది. ఏళ్ల తరబడి సాగిన నిర్మాణం మాత్రం ప్రతి వేసవిలోనూ నడిచింది. 2007 నాటి నిబంధన ప్రకారం జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఆరుబయట పని నిషేధం. ఆ గంటలు దాటితే ఎంత ఉక్క ఉన్నా పని చేయించవచ్చు. 2021 మేలో దీన్ని మార్చారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి 3.30 దాకా నిషేధం. సూచిక 32.1 దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలి. మంచి నిబంధనే. అయితే ఆటగాడికి 2014లో వర్తించిన కొలత కూలీకి 2021లో వచ్చింది. అప్పటికి స్టేడియాల పని చాలావరకు పూర్తయింది.

చల్లగాలి, నీళ్లు, పచ్చిక

ఎనిమిది స్టేడియాల్లో ఏడింటికి చల్లబరిచే ఏర్పాటు చేశారు. ఖతార్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సౌద్ అబ్దుల్ ఘనీ ఈ పనికి ముఖ్య రూపకర్త. పద్ధతి ఇది: స్టేడియం మొత్తాన్ని చల్లబరచరు. చల్లబరిచిన గాలిని సీట్ల కింది నుంచీ, మైదానం అంచుల నుంచీ వదులుతారు. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి కిందే నిలుస్తుంది. దాన్నే తిరిగి లాగి, శుభ్రం చేసి, మళ్లీ చల్లబరిచి వదులుతారు. ఎనిమిదోది స్టేడియం 974. అది షిప్పింగ్ కంటైనర్లతో కట్టినది, తర్వాత విప్పేయడానికి వీలుగా రూపొందించినది. దానికి ఈ ఏర్పాటు లేదు కాబట్టి అక్కడి మ్యాచ్‌లు చల్లబడిన వేళల్లో పెట్టారు.

తర్వాత నీళ్లు. ఖతార్ తాగే నీళ్లు దాదాపు మొత్తం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారుచేసినవే. దానికి బోలెడు ఇంధనం కావాలి. ఒక్కో మైదానంలో పచ్చికను బతికించడానికి చలికాలంలో రోజుకు 10,000 లీటర్లు, ఎండాకాలంలో 50,000 లీటర్ల దాకా అలాంటి నీళ్లే పోశారని వార్తా సంస్థలు రాశాయి. ఈ టోర్నీ వాతావరణానికి భారం కాదన్న ఫిఫా ప్రచారం తప్పుదారి పట్టించేదని 2023 జూన్‌లో స్విట్జర్లాండ్ ప్రకటనల పర్యవేక్షణ సంస్థ తేల్చింది.

ఇక జనం. చిన్న దేశానికి ఒక్క నెలలో పది లక్షలకు పైగా అతిథులు వచ్చారు. మూడు లైన్ల దోహా మెట్రో 2019లోనే మొదలైంది. గదులు చాలక ఓడల్ని హోటళ్లుగా వాడారు. గుడారాలు, క్యాబిన్లు వేశారు. దుబాయ్ నుంచి ఉదయం వచ్చి రాత్రికి వెళ్లేలా విమానాలు నడిపారు. 2017 జూన్‌లో సౌదీ సహా పొరుగు దేశాలు సంబంధాలు తెంచుకుని భూమార్గం మూసేస్తే, సామగ్రిని వేరే దారుల్లో తెప్పించుకున్నారు. డబ్బుంటే తీరే చిక్కులన్నీ ఇలా తీరాయి.

కట్టినవాడి కాగితాలు

కూలీ చిక్కు డబ్బుది కాదు, అధికారానిది. గల్ఫ్‌లో దాని పేరు కఫాలా. కార్మికుడి వీసా, నివాసం, ఉద్యోగం అన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటాయి. యజమాని రాసివ్వకుండా ఉద్యోగం మారలేడు, ఒకప్పుడు దేశం దాటి ఇంటికి కూడా రాలేడు. అలాంటి మనిషి ఎండ ఎక్కువగా ఉంది, పని ఆపుతానని ఎలా అంటాడు?

ప్రపంచవ్యాప్త విమర్శల తర్వాత ఖతార్ కొన్ని మార్పులు చేసింది. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. అదే ఏడాది ఎక్కువ మంది కార్మికులకు నిష్క్రమణ అనుమతి అవసరం తీసేశారు. 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు ఇచ్చారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. తిండి, వసతి యజమాని ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. కాగితం మీద ఇవి నిజమైన విజయాలే. అమలులో జీతాలు ఆపడం, పాస్‌పోర్టులు దాచడం ఆగలేదని హక్కుల సంస్థలు పదేపదే చెప్పాయి.

చావు లెక్క

2010 తర్వాత పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారని 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక రాసింది. వారిలో 2,711 మంది భారతీయులు. ఇది స్టేడియాల్లో చనిపోయినవారి సంఖ్య కాదు. అన్ని రకాల పనుల్లో ఉన్నవారూ, అన్ని కారణాలూ ఇందులో ఉన్నాయి. నిర్వాహకులు స్టేడియం కూలీల్లో పని ప్రమాదాల వల్ల ముగ్గురు, ఇతర కారణాలతో 37 మంది చనిపోయారన్నారు. నిర్వాహక కమిటీ అధిపతి హసన్ అల్ తవాదీయే 2022 నవంబర్‌లో టోర్నీకి సంబంధించిన పనుల్లో 400 నుంచి 500 మంది చనిపోయి ఉంటారని చెప్పారు.

మూడు నుంచి 6,500 దాకా ఇంత తేడా ఎందుకు? దేన్ని పని వల్ల వచ్చిన చావుగా రాస్తారన్నదే అసలు ప్రశ్న. భారతీయుల మరణాల్లో 80 శాతాన్ని సహజ మరణాలుగా నమోదు చేశారని అదే పత్రిక తేల్చింది. గుండె ఆగింది, శ్వాస ఆగింది అని రాస్తారు. ఎందుకు ఆగిందో రాయరు. నేపాలీ కార్మికుల మరణాల మీద 2019లో అచ్చయిన వైద్య పరిశోధన గుండె సంబంధ మరణాలకూ వేసవి వేడికీ బలమైన సంబంధం చూపింది. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే 571 మరణాల్లో 200 దాకా ఆపగలిగేవారని అంచనా వేసింది.

సహజ మరణం అన్న ఒక్క మాటతో ఇంట్లోవాళ్లకు రెండు తలుపులు మూసుకుపోతాయి. పని వల్ల వచ్చిన చావు కాదు కాబట్టి యజమాని పరిహారం ఉండదు. ప్రమాదం కాదు కాబట్టి మన ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజనలోని 10 లక్షలు రావు. అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

కులం ఏ గడిలో ఉంది?

ఉత్తర తెలంగాణ నుంచి నిర్మాణ పనులకూ, గోదావరి జిల్లాలు, కడప నుంచి ఇంటి పనులకూ గల్ఫ్ వెళ్లేవారిలో భూమి లేని దళిత, బీసీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. డెల్టాలోనూ కోత యంత్రాలు వచ్చాక పొలం పనిదినాలు తగ్గాయి. వలస ఒత్తిడి ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న వాడలకు కొత్త కాదు. అయినా విదేశాల్లో చనిపోయినవారి గురించి పార్లమెంటుకు ఇచ్చే జవాబుల్లో దేశం ఉంటుంది, సంఖ్య ఉంటుంది, కులం ఉండదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులు కాగితం మీద బీసీ-సీగా ఉంటారు. రేపు ఎవరైనా కులాల వారీగా లెక్క తీసినా వారు ఎస్సీల వరుసలో కనిపించరు.

1991 ఆగస్టు 6 నాటి చుండూరును చూసిన ప్రాంతం ఇది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. పోస్టుమార్టం, సాక్ష్యం, సమయం, నమోదు ఎంత కీలకమో ఇక్కడి ఉద్యమానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే శ్రద్ధ గల్ఫ్ చావులకూ కావాలి.

2034కు ముందు మనం చేయాల్సినవి

సౌదీలో మధ్యాహ్న నిషేధం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, 12 నుంచి 3 దాకా. ఖతార్ 2021లో తెచ్చిన 32.1 గీత లాంటిది ఆ నిబంధనలో లేదు. అంటే ఖతార్‌లో పోరాడి సాధించుకున్నది అక్కడ మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఊరి స్థాయిలో చేయగలిగినవి కొన్ని:

వెళ్లే ముందు: ఏజెంటు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదయ్యాడో లేదో చూడాలి. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉంటుంది. ఆ అనుమతి తప్పించడానికే విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్తే బీమా ఉండదు, ఒప్పందం ఉండదు. ఒప్పందం నకలు, బీమా పాలసీ నంబరు, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా ఇంట్లో ఉంచాలి.

అక్కడ ఉండగా: పని గంటలు, ఎండలో కళ్లు తిరిగిన రోజులు, ఆసుపత్రికి వెళ్లిన తేదీలు వాట్సాప్‌లో ఇంటికి పంపుతూ ఉండాలి. రేపు అదే సాక్ష్యం.

చావు జరిగితే: రాయబార కార్యాలయానికీ, మదద్ పోర్టల్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. మరణ కారణం వివరంగా రాయమని, వైద్య నివేదిక ఇవ్వమని, ఆ రోజు చేసిన పని ఏమిటో యజమాని నుంచి రాబట్టమని అడగాలి. శవం ఇంటికి చేరడంతో పని అయిపోయినట్టు కాదు.

ఇదే ప్రశ్న మన ఊళ్లోనూ వేయాలి. 2015 వడగాడ్పుల్లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. ఉపాధి హామీ కూలీకీ, ఇటుక బట్టీ కూలీకీ, ఉప్పు మడుల్లో పనిచేసేవారికీ ఉక్క ఇంత దాటితే పని ఆపాలి, కూలి మాత్రం ఇవ్వాలి అని చెప్పే గీత ఒకటి కావాలి. ఫుట్‌బాల్ ఆటగాడి ఒంటికి 32 ప్రమాదమైతే, మన వాడ కూలీ ఒంటికీ అది ప్రమాదమే.