ఆగుమన్నచోట ఆగునా? – బ్రేక్‌పాయింటు ఆజ్ఞల పరీక్షను గూర్చి



మా ఇబ్రహీంపట్నము పెద్దచెఱువు కట్టమీద సాయంకాలమున కొంతసేపు కూర్చుండుట ఉద్యోగవిరమణ మైననాటినుండి నాకు అలవాటు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలి, తెలుగు కవులచేత మల్కిభరాముడని పిలువబడిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు చెఱువది. ఊరి పేరును ఆ ప్రభువుదే. గత సంవత్సరము ఆ కట్టమీదికే నా పూర్వశిష్యు డొకడు వచ్చి, నమస్కరించి, ప్రక్కన కూర్చుండెను. "ఏమి పని చేయుచున్నావు నాయనా?" అని అడిగితిని. "తప్పులు పట్టు పనిముట్టు సరిగా పట్టుచున్నదా లేదా అని చూచు పని, పంతులుగారూ" అనెను. పరిహాస మనుకొంటిని. కాదని అతడు చీకటిపడువఱకు చెప్పెను. ఆనాడు విన్నదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు కలిపి నేడు మీకు మనవి చేయుదును. నేను వ్యాకరణము చదువుకొన్నవాడను గాని యంత్రశాస్త్రము చదువుకొన్నవాడను గాను. కావున మనకు తెలిసిన మాటలతోనే చెప్పెదను.

కంప్యూటరు తనంత తాను ఆలోచించునది కాదు. వరుసగా వ్రాసియిచ్చిన ఆజ్ఞలను ఒకదానివెంట ఒకటి నెరవేర్చును. ఆ ఆజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. అందులో ఎక్కడనో తప్పు దొర్లినచో తుదకు తప్పు ఫలితము వచ్చును. కాని తప్పెక్కడ జరిగినదో కంటికి కనబడదు, ఏలయన యంత్రము ఒక్క సెకనులో కోట్లకొలది ఆజ్ఞలను దాటిపోవును. అందుచేత "ఫలానిచోటికి వచ్చినప్పుడు ఆగుము, నీ చేతిలోనున్న లెక్క చూపుము" అని ముందుగా ఆజ్ఞాపించుదురు. ఆ ఆగుచోటునకు బ్రేక్‌పాయింటు అని పేరు. ఆపుటకును, చూచుటకును, మరల సాగించుటకును ఉపయోగించు పనిముట్టు డీబగ్గరు.

మన నీరడికి ఇది క్రొత్తవిద్య కాదు. చివరి మడికి నీరందలేదని రైతు మొఱపెట్టినప్పుడు నీరడి కాలువ పొడవునను త్రవ్వి చూడడు. నడుమ ఒకచోట మట్టితో అడ్డుకట్ట వేయును. అక్కడ నీరు నిండుగా నిలిచినచో గండి దిగువను ఉన్నది. నిలువనిచో ఎగువను ఉన్నది. కాని అడ్డుకట్టయే కారుచున్నచో ఏమగును? నీరు నిలువదు. నిలువలేదు గనుక గండి ఎగువనే యున్నదని నీరడి భ్రమపడి, చెడని కాలువను త్రవ్వి చెఱుపును. నా శిష్యుని ఉద్యోగము ఆ అడ్డుకట్టను పరీక్షించుట.

దీని చరిత్ర అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఆరంభమైనది. అక్కడి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఎనియాక్ అను గణనయంత్రమును నిర్మించిరి. అందులో వాక్యూము గొట్టములే సుమారు 18,000. ఫిరంగిగుండు ఏ మార్గమున పోయి ఎక్కడ పడునో లెక్కకట్టుట దాని మొదటి ప్రయోజనము. దానికి ఆజ్ఞలు అమర్చినవారు ఆరుగురు యువతులు. 1946 ఫిబ్రవరి 15వ తేదీన పెద్దలయెదుట యంత్రమును ప్రదర్శింపవలసియుండగా, ముందురాత్రి ఒక చిక్కు కనబడెను. గుండు నేలను తాకినంతనే లెక్క ఆగవలెను; అది ఆగక, గుండు భూమిలోనికి చొచ్చుకొని పోవుచున్నట్లే లెక్కించుచుండెను! ఆ ఆరుగురిలో బెట్టీ స్నైడరు అను నామె ఇంటికి పోయి, నిదురించి, మరునాటి ఉదయము వచ్చి, ఒక్క మీటను మార్చెను. లెక్క ఆగవలసినచోట ఆగెను. ఆపవలసినచోట ఆపలేకపోవుటయే ఈ చరిత్రలో తొలి పాఠమగుట నాకు విచిత్రముగా తోచినది.

ఎనియాక్‌లో ఆజ్ఞలను కాగితముమీద వ్రాయుట లేదు. తీగలు కలిపి అమర్చెడివారు. ఒకచోట తీగను ఊడదీసినచో యంత్రము అక్కడనే నిలిచిపోవును. అప్పుడు ముఖఫలకము మీది దీపములను చూచి లెక్క ఎంతవఱకు వచ్చినదో చదువవచ్చును. తీగను త్రెంచుచోటు గనుక దానికి బ్రేక్‌పాయింటు అను పేరు కలిగినది. ఈ ఉపాయమును కనుగొన్న కీర్తి, వివాహానంతరము హోల్బర్టన్ అని ప్రసిద్ధురాలైన ఆ బెట్టీ స్నైడరుకే చెందినది. అంతర్ధానమైన ఆ తీగల పేరు నేటికిని నిలిచియున్నది.

1947 సెప్టెంబరులో హార్వర్డు యంత్రములో చిమ్మట చిక్కిన కథను అందఱును చెప్పుదురు. తప్పునకు పురుగను పేరు అంతకు చాల పూర్వమే యున్నది గావున దానిని విడిచెదను. కాని ఒక మాట. అమెరికాలోని మసాచుసెట్స్ సంస్థలో తప్పులు వెదకు ప్రోగ్రామునకు మొదట ఫ్లిట్ అనియు, 1961 ప్రాంతమున వచ్చిన మఱియొకదానికి డీడీటీ అనియు పేర్లు పెట్టిరి. దోమలపై మన యిండ్లలో కొట్టిన మందుల పేర్లే గదా! పండితులకే గాక యంత్రజ్ఞులకును శ్లేషయందు ప్రీతి గలదు.

మన హైదరాబాదును ఈ విద్యకు దూరము గాలేదు. 1967లో ఇక్కడ స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు మూలపురుషుడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. 1969లోనే ఆ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించినది. నేడు మా మండలములోని ఆదిభట్లయందే వేలకొలది యువకులు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు.

ఇక, తీగలు లేని యీ కాలమున యంత్రము నెట్లు ఆపుదురు? తాళపత్రములో ఒక్క అక్షరమును చెఱిపి, ఆచోట "ఆగుము" అను గుర్తు పెట్టి, చెఱిపిన అక్షరమును చేతిలో దాచుకొన్నట్లు చేయుదురు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 మొదలు ఆ వంశపు యంత్రములలో ఆ గుర్తు 204 అను సంఖ్య. అది ఒక్క గడిలోనే ఇముడును. అంతకన్న పెద్దదైనచో ప్రక్క ఆజ్ఞను కూడ చెఱిపివేయును. యంత్రము ఆ గుర్తును చదివి ఆగును. మరల సాగవలెనన్నచో దాచిన అక్షరమును స్వస్థానమున నిలిపి, ఒక అడుగు వెనుకకు వచ్చి, ఆ ఒక్క ఆజ్ఞను నెరవేర్పించి, గుర్తును తిరిగి పెట్టవలెను. ఇన్నిటిలో ఒక్కటి మఱచినను పదచ్ఛేదము తప్పిన శ్లోకమువలె అర్థము తలక్రిందులగును. తప్పు వెదకవచ్చినవాడే క్రొత్త తప్పును ప్రవేశపెట్టినవాడగును.

1986లో రిచర్డ్ స్టాల్మన్ అను నతడు జీడీబీ అను డీబగ్గరును వ్రాసి, ఎల్లరు స్వేచ్ఛగా ఉపయోగించుకొనునట్లు ఇచ్చెను. దానిని పరీక్షించుటకు డెజాగ్నూ అను సాధనమును తరువాత కల్పించిరి. ఆ పరీక్షలో మాదిరిగా నిలిపిన చిన్న ప్రోగ్రామును నా శిష్యుడు కట్టమీది దుమ్ములో పుల్లతో వ్రాసి చూపెను. 6ను 5తోను, దానిని 4తోను, అట్లే 1 వఱకు గుణించుట దాని పని. ఫలితము 720 అని మనకు ముందే తెలియును. అదియే అందులోని యుక్తి: జవాబు తెలిసిన లెక్కతోనే పనిముట్టును పరీక్షింపవలెను.

గుణకారము చేయు భాగమువద్ద ఆగుమన్నచో మొదట 6 చేతబట్టి ఆగవలెను. సాగుమన్నచో 5తో, పిమ్మట 4తో. మొదటి రెండుమార్లు విడువుమన్నచో 6ను, 5ను దాటి 4 వద్దనే ఆగవలెను. సంఖ్య 3 అయినప్పుడు మాత్రమే ఆగుమన్నచో మఱెచ్చటను ఆగరాదు. ఒక్కసారికే ఆగుమను ఆజ్ఞ రెండవసారి పనిచేయరాదు. ఆగినంతనే సంఖ్యను చూపి తనంత తానే సాగుమని అనుబంధాజ్ఞలు ఇచ్చినచో వానిని క్రమము తప్పక నెరవేర్పవలెను. ఆగుచోట్ల నన్నిటిని తొలగించిన పిదప ఎక్కడను ఆగక 720 చూపవలెను. ఆగుటను పరీక్షించుట అందఱికి తోచును. ఆగకుండుటను పరీక్షించుట కొందఱికే తోచునని అతడనెను.

అతడు తొలిదినములలో తాను పడిన పాటును కూడ దాచలేదు. ఒక ప్రోగ్రాములో ఆగుచోటు పెట్టగా అది ఆగలేదట. అక్కడికి ప్రోగ్రాము రానేలేదని నిశ్చయించుకొని, పదిదినములు వేఱొకచోట వెదకెనట. నిజమునకు ప్రోగ్రాము వచ్చినది, పోయినది. షరతుతోకూడిన ఆ ఆజ్ఞనే పనిముట్టు పాటింపలేదు. ఆగలేదన్న ఒక్క వార్తకు రెండర్థము లున్నవి. ఏది నిజమో ముందుగా తేల్చుకొననిచో వెదకుట యంతయు వ్యర్థము.

ఈ మాట వినినప్పుడు నాకు మనస్సు చివుక్కుమన్నది. ముప్పదియేండ్లు నేను పద్యము లొప్పజెప్పించుకొన్నవాడను. పిల్లవాడు చదువుచుండగా నడుమ "ఆగుము" అని అర్థము, అన్వయము అడుగుట నా పద్ధతి. అదియు బ్రేక్‌పాయింటే గదా! కాని నేను ఏటేట ఆ పద్యమునందు ఆ సమాసమువద్దనే ఆపెడివాడను. పైతరగతి పిల్లలు క్రిందితరగతికి ఆ చోటులు చెప్పెడివారట. తరగతియంతయు నేర్చుకొన్నదని సంతోషించితిని. ఒకయేడు తనిఖీకి వచ్చిన యొకరు వేఱొకచోట ఆపగా నలువదిమందిలో ఒక్కడును నోరు మెదపలేదు. తప్పు పిల్లలదని ఆనాడు వారిని దండించితిని. ఆ దండనము తిన్నవారిలో ఈ శిష్యుడును ఒకడు; ఆ మాట అతడెత్తలేదు, నేనే ఎత్తితిని.

"అయితే ఇప్పుడాపి చూడుడు, పంతులుగారూ" అని నవ్వి, అతడు నాటి పద్యమొకటి మొదలుపెట్టెను. నేనెన్నడును ఆపని మూడవపాదమున ఆపితిని. కొంతసేపు ఆలోచించి, "తెలియదండి" అనెను. ఇద్దఱమును ఆ పాదమును పదము పదముగా విడదీసికొని, తూముదిక్కున దీపములు వెలుగువఱకు అక్కడనే కూర్చుంటిమి.