వాన ఎక్కడ? వరద ఎక్కడ?

గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. ఎర్రటి బండల మధ్య, ఎంతో లోతున పెన్న. పెమ్మసాని వారి కోట, 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు వచ్చి చూసిన కోట... మావారు చరిత్ర చెబుతూనే ఉన్నారు. నా చెవి మాత్రం పక్కనున్న గొర్రెల కాపరి పెద్దాయన మీద ఉంది.

"ఆనకట్టలు కట్టకముందు ఈడ చినుకు రాలకున్నా ఏరు వచ్చేదమ్మా. వాన పడేది యాడో పైన."

ఆ మాటతో మా చెల్లెలి స్కానింగు గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట దాని మెదడులో చిన్న గడ్డ కనబడింది. మాట పుట్టే చోటుకు బాగా దగ్గర. ఆపరేషనుకు ముందు, ఆ చోటేదో తెలుసుకునే స్కానింగు చేశారు. అయస్కాంతపు గొట్టంలో పడుకుని, పెదవి కదపకుండా మనసులోనే పేర్లు అనుకోమన్నారట. ఇదేమో పచ్చళ్ళ పేర్లన్నీ అనుకుందట!

తెర మీద ఎర్రగా వెలిగిన చోటు చూపించి, "మాట ఇక్కడేనా?" అని అడిగాను.

"ఆ దరిదాపుల్లో" అన్నారు డాక్టరుగారు.

ఆ "దరిదాపు" నాకు నిద్ర లేకుండా చేసింది. కనబడిన పుస్తకమల్లా చదివాను.

ప్రాణవాయువు ఉన్న రక్తం, లేని రక్తం అయస్కాంతం దగ్గర వేరువేరుగా ఉంటాయి. దీని ఆధారంగా 1990లో సైజీ ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఎలుకల మెదడును చూశాడు. 1992 కల్లా మనుషులకూ వచ్చింది. అయితే యంత్రం చూసేది ఆలోచనను కాదు, దాని కోసం పరుగెత్తే రక్తాన్ని. ఆ రక్తం సిరల్లోకి జారిపోయి, కొన్ని మిల్లీమీటర్ల అవతల వెలుగు చూపిస్తుంది. వాన ఒకచోట, వరద ఒకచోట! మెదడు పైపొర మందమే 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందుకే పెద్ద సిరల సందడిని తగ్గించి, సన్నని రక్తనాళాలనే చూసే పద్ధతులు కనిపెట్టారు. ముక్కు పక్కనున్న గాలి గదుల వల్ల, స్టీలు గ్లాసులో మొహంలా బొమ్మ సాగిపోతుంది. దాన్ని సరిదిద్దే లెక్క 1995లో వచ్చింది.

ఇంకో చిక్కు కొలతలది. 1988లో తలైరాక్, తూర్నూ అనేవారు అచ్చువేసిన మెదడు పటానికి ఆధారం 60 ఏళ్ళ ఒక్క స్త్రీ మెదడు. లోకమంతా ఆ పటంతోనే చోట్లు గుర్తించింది. ఎవరిదో ఆది జాకెట్టు ఇచ్చి మనకు కుట్టమన్నట్టు! 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు 100 మంది భారతీయుల మెదళ్ళతో మన పటం తయారుచేశారు. సగటున మనవి కాస్త చిన్నవట. తెలివికీ దానికీ ముడిపెట్టకండి!

ఇన్ని దిద్దుబాట్లు చేసినా డాక్టరుగారు బొమ్మనొక్కదాన్నే నమ్మలేదు. ఆపరేషను మధ్యలో చెల్లెల్ని మేలుకొలిపి, మాట్లాడిస్తూ, ఆ చోటును సన్నని విద్యుత్తుతో తాకి సరిచూసుకున్నారు. మాంట్రియల్లో పెన్‌ఫీల్డ్ ఏనాడో నేర్పిన పద్ధతి అది. ఆ మూడు గంటలూ బయట బెంచీ మీద నేను తలవని దేవుడు లేడు.

"అక్కా! ఎంతసేపు చూస్తావ్ ఆ ఏటిని? ఆకలేస్తోంది, పులిహోర డబ్బా తియ్యి!"

వెనక నుంచి మా చెల్లెలి కేక. ఆ మాట మెదడులో ఏ మిల్లీమీటరులో పుట్టిందో నాకు తెలీదు. పుట్టింది, నాకదే చాలు. డబ్బా మూత తీశాను.