పొగ ఎటు పోవాలి?

రైల్లో పెళ్ళికి వెడుతూ అసలు గొలుసు బీరువాలో దాచి, చిలకలపూడి గొలుసు మెళ్ళో వేసుకోవడం మనలో చాలామందికి తెలిసిన తెలివే. బందరు పక్కనున్న ఆ చిలకలపూడి రోల్డుగోల్డు మెరుపు మనదే గానీ, అసలు మెరుపు పూసేచోట లేచే ఆవిరి ఎవరి ఊపిరిలోకి పోతుందో ఎప్పుడైనా అనుకున్నామా?

కరెంటు పూత రాకముందు బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, వెండి మీదో కంచు మీదో రుద్ది, నిప్పుల మీద కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయేది, బంగారం అంటుకునేది. ఆవిరైపోయేది అంటే ఎక్కడికండీ? పనివాడి ముక్కులోకి! చేతులు వణికేవి, పళ్ళు కదిలేవి. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే వృత్తిరోగాల మీద పుస్తకం రాస్తూ పాపం వీళ్ళ సంగతీ చెప్పాడు. విన్నవాళ్ళెవరు?

పారిస్‌లో రావ్రియో అని కంచు సామాన్లు చేయించే ఆసామి ఉండేవాడు. 1814లో చనిపోతూ, పూతపనివాళ్ళని ఈ ఆవిరి నుంచి కాపాడే ఉపాయం చెప్పినవారికి 3,000 ఫ్రాంకులిమ్మని విల్లు రాశాడు. బతికుండగా చేస్తే ఇంకా బాగుండేది గానీ, పోయేటప్పుడు కూడా తలుచుకోనివాళ్ళే ఎక్కువ కదూ! 1818లో ఆ బహుమతి దార్సే అనే రసాయన శాస్త్రవేత్తకి దక్కింది. ఆయన మందూ మాకూ ఏమీ కనిపెట్టలేదు. కుంపటి మీద గూడు కట్టించి, ముందు అద్దం పెట్టించి, పొగగొట్టానికి విడిగా ఒక చిన్న పొయ్యి తగిలించాడు. దాని వేడికి గొట్టంలో గాలి పైకి లాగేది. దాంతోపాటే పాదరసం ఆవిరీ పోయేది. అంతే! 1840లో ఎల్కింగ్టన్‌ల కరెంటు పూత పేటెంటుతో పాదరసం మెల్లిగా తప్పుకుంది. దాని స్థానంలో సయనైడ్ వచ్చి కూర్చుంది, అది వేరే కథ.

పూత సంగతి అలా ఉంచి, పేర్లు చెక్కే పని చూడండి. మన స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేటప్పుడు చప్పుడే తప్ప పొగ ఉండేది కాదు. ఇప్పుడు షీల్డుల మీదా, నేమ్‌ప్లేట్ల మీదా లేజర్ చెక్కుతోంది. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలో కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజరే ఇందులో ఎక్కువ వాడేది. అది చెక్కదు, కాలుస్తుంది. అక్రిలిక్ కాలితే ఘాటు ఆవిరి, జిగురు కలిపిన చెక్కపొడి అట్ట కాలితే ఫార్మాల్డిహైడ్. అన్నిటికన్నా చెడ్డది పి.వి.సి.: అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, యంత్రమే తుప్పుపడుతుంది. ఊపిరితిత్తులు ఇనుము కన్నా గట్టివా?

కొండకీ కాలవలకీ మధ్య ఇరుక్కున్న వన్ టౌన్ సందుల్లో ఇలాంటి యంత్రం పెడితే నెత్తిమీద సీలింగు ఫాను చాలదు. అది పొగని గదంతా పంచిపెడుతుంది. కాలేచోటి నుంచే పొగని లాగి, గొట్టంతో ఇంటి కప్పు దాటించాలి. ఆ గొట్టం ఎదురింటావిడ వంటింటి కిటికీలోకి చూడకూడదు. పోయే గాలికి బదులు గాలి రావడానికి తలుపు సందైనా ఉండాలి.

అన్నట్టు, రెగ్జిన్ సంచుల్లో చాలావాటికి పైపూత పి.వి.సి.యే. దానిమీద మీ అమ్మాయి పేరు వెయ్యనని కొట్టువాడంటే బేరమాడకండి.